తప్పు నుండి తప్పించుకొను దాకా: శిక్ష తప్పడాన్ని చెప్పే తెలుగు మాట – అర్థం, పుట్టుక, నెల్లూరు సీమ నేపథ్యం

1. సమస్య

రచ్చబండ మీదైనా శాసనసభలోనైనా తరచుగా వినిపించే వాక్యం ఒకటి ఉంది: “తప్పు చేసినవారికి శిక్ష తప్పదు.” నాలుగు మాటల ఈ వాక్యంలో మొదటి మాట, చివరి మాట ఒకే ధాతువుకు చెందినవి. మొదటిది నేరాన్ని చెబుతుంది. చివరిది ఆ నేరఫలం నుండి బయటపడే దారి లేదని చెబుతుంది. నడుమ ఉన్న శిక్ష సంస్కృతం నుండి వచ్చిన మాట. చేసిన దోషానికీ, దాని ఫలితం నుండి జారిపోవడానికీ తెలుగు ఒకే మాటను వాడుకొని, శిక్షకు మాత్రం ఎరువు తెచ్చుకొంది.

ఈ మాటకు మరో అర్థం కూడా ఉంది. కుల పెద్దలు, ఊరి పెద్దలు విధించే ధనదండాన్ని పల్లెవాడుకలో ‘తప్పు’ అనే అంటారు. ‘తప్పు వేశారు’, ‘తప్పు కట్టాడు’, ‘తప్పు చెల్లించాడు’ అన్నప్పుడు ఆ మాటకు జరిమానా అని అర్థం. అంటే దోషం, దోషానికి చెల్లించే మూల్యం, ఆ మూల్యం చెల్లించకుండా బయటపడటం అనే మూడు భావాలూ ఒకే ధాతువులో ఇమిడి ఉన్నాయి. నిఘంటువులు ఈ అర్థాలను వరుస సంఖ్యలతో పేర్కొంటాయి. ఒకటి మరొకటిగా ఎలా మారిందో చూపడం వాటి పని కాదు. ఆ క్రమాన్ని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం. శిక్ష తప్పడాన్ని చెప్పే తెలుగు మాట మొదట ఎవరి మీదా తీర్పు చెప్పని మాట అనీ, దానిలోని నిందాధ్వని వ్యాకరణ నిర్మాణం వల్లనూ, దండన వ్యవస్థలలో వచ్చిన మార్పుల వల్లనూ తర్వాత చేరిందనీ ఇక్కడి ప్రతిపాదన.

పరిశీలనకు నెల్లూరు సీమను, అందులోనూ గూడూరును ఆనుకొని బంగాళాఖాతపు తీరానికి చేరువగా ఉన్న చిల్లకూరు ప్రాంతపు పరిసరాలను నేపథ్యంగా తీసుకోవడానికి కారణాలు నాలుగు. దక్షిణాన తమిళ నేల దగ్గర కావడం వల్ల ఈ ధాతువు పొరుగు భాషారూపాలు ఇక్కడివారికి పరిచితాలు. ఈ సీమ శాసనాలు 1905 నాటికే సంపుటాలుగా వెలువడ్డాయి. ధర్మశాస్త్రాన్ని తెలుగు పద్యంలోకి తెచ్చిన కేతన ఈ సీమ సాహిత్య వాతావరణానికి చెందినవాడు. తీరగ్రామాలలో పెద్దల కట్టడి సంప్రదాయం ఇటీవలి కాలం వరకు బలంగా నిలిచింది. ధాతువు, శాసనం, ధర్మశాస్త్రం, ఊరి కట్టుబాటు అనే నాలుగు ఆధారాలూ ఒకేచోట కలిసే ప్రదేశమిది.

2. ధాతువు

‘తప్పు’ దేశ్యం. తమిళంలో ‘తప్పు’ నామంగా దోషాన్ని, క్రియగా దారి తొలగడాన్ని, బయటపడటాన్ని చెబుతుంది. ‘తప్పిత్తల్’ అంటే ప్రమాదం నుండో శిక్ష నుండో బయటపడటం. కన్నడంలో ‘తప్పు’ దోషం, ‘తప్పిసు’ తప్పించడం, ‘తప్పిసికొళ్ళు’ తప్పించుకోవడం. 1961లో మొదటిసారి, 1984లో పరివర్ధితంగా వెలువడిన బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు ఈ రూపాలను ఒకే ఆరోపం కింద చేర్చింది. దోషార్థం, విమోచనార్థం రెండూ మూడు సాహిత్య భాషలలో కనబడటం వల్ల ఈ జంట తెలుగులో యాదృచ్ఛికంగా ఏర్పడినది కాదని తేలుతుంది. ఉచ్చారణలో దగ్గరగా వినిపించే ‘తప్పెట’ వాద్యనామం. ధ్వన్యనుకరణ వల్ల పుట్టిన ఆ మాటతో దీనికి సంబంధం కల్పించనక్కరలేదు.

రెండు అర్థాలకూ మూలమైన భావం ఏది? దీనికి సమాధానం మనుషులకు సంబంధించని ప్రయోగాలలో స్పష్టంగా దొరుకుతుంది. ‘గురి తప్పింది’, ‘లెక్క తప్పింది’, ‘తాళం తప్పింది’, ‘పట్టు తప్పింది’, ‘అదుపు తప్పింది’ అనే మాటలలో నీతి ప్రస్తావన ఏమీ లేదు. ఉండవలసిన చోటి నుండి, పడవలసిన చోటి నుండి, నడవవలసిన వరుస నుండి ఒకటి పక్కకు జరిగింది, అంతే. నడక నేర్చే పసివాడి ‘తప్పటడుగు’లో దోషం లేదు. అడుగు అనుకొన్న చోట పడలేదు. జాతరలో ‘తప్పిపోయిన’ పిల్లవాడు ఎవరికీ అపరాధి కాడు. ‘అతడు తప్ప అందరూ వచ్చారు’ అన్నప్పటి ‘తప్ప’ కూడా వరుస నుండి ఒకరిని పక్కకు తీయడమే. కాబట్టి ‘ఒక రేఖ నుండి పక్కకు జరగడం’ ఈ ధాతువుకు మూలార్థమని గ్రహించవచ్చు.

ఈ మూలార్థం నుండి దోషార్థం ఏర్పడటం కష్టం కాదు. రేఖ స్థానంలో మాట, మర్యాద, ధర్మం నిలిస్తే వాటినుండి జరగడం దోషమవుతుంది. ‘మాట తప్పాడు’, ‘నీతి తప్పాడు’, ‘దారి తప్పాడు’ అనేవి ఈ మార్గంలోని మజిలీలు. విమోచనార్థానికి కూడా ఇదే మూలం. ఈసారి పక్కకు జరిగేది మనిషి కాదు, మనిషి మీదికి వచ్చే కీడు. ‘వేటు తప్పింది’, ‘గండం తప్పింది’, ‘శిక్ష తప్పింది’ అన్నప్పుడు మనిషి నిలిచిన చోటనే ఉన్నాడు. పడవలసినది పక్కన పడింది. దోషంలో మనిషి జారుతాడు, విమోచనలో శిక్ష జారుతుంది. రెంటిలోనూ జారడం ఒక్కటే.

3. వాక్యంలో కర్త ఎవరు?

ఈ భేదాన్ని తెలుగు వాక్యనిర్మాణం ఖచ్చితంగా పాటిస్తుంది. ‘అతడు మాట తప్పాడు’ అనే వాక్యంలో క్రియ మనిషితో అన్వయిస్తుంది. ‘అతనికి శిక్ష తప్పింది’ అనే వాక్యంలో క్రియ శిక్షతో అన్వయిస్తుంది. మనిషి షష్ఠ్యర్థక ‘కి’ ప్రత్యయంతో పక్కన నిలుస్తాడు. రెండో వాక్యంలో మనిషి చేసిన పని ఏదీ లేదు. అతడు దోషి కావచ్చు, నిర్దోషి కావచ్చు, అదృష్టవంతుడు కావచ్చు. వాక్యం ఆ విషయమై ఏమీ చెప్పదు. ‘ప్రమాదం తప్పింది’ అన్నంత నిష్పక్షపాతంగా ‘శిక్ష తప్పింది’ అనవచ్చు.

ప్రేరణార్థకమైన ‘ఇంచు’ చేరి ‘తప్పించు’ అయినప్పుడు పరిస్థితి మారుతుంది. ఇప్పుడు జరిపేవాడు ఒకడు వచ్చాడు. అయితే అతడు జరిపేది దేనిని? ‘దెబ్బను తప్పించాడు’ అంటే కీడును పక్కకు జరిపాడు. ‘అతణ్ణి కేసు నుండి తప్పించారు’ అంటే మనిషిని పక్కకు జరిపారు. ‘పదవి నుండి తప్పించారు’ అన్నదీ ఈ రెండో నిర్మాణమే. పారసీకం నుండి వచ్చిన ‘బర్తరఫు’కు మూలంలో ‘ఒక పక్కకు’ అని అర్థం ఉండటం ఇక్కడ గమనార్హం. ఉద్యోగం తీసివేయడాన్ని రెండు వేర్వేరు భాషాకుటుంబాలు పక్కకు జరపడంగానే ఊహించాయి.

దీనికి ఆత్మార్థకమైన ‘కొను’ చేరగా ‘తప్పించుకొను’ ఏర్పడుతుంది. తన కోసం తానే జరుపుకోవడం దీని అర్థం. ఇక్కడ రెండు నిర్మాణాలూ వాడుకలో ఉన్నాయి. ‘శిక్షను తప్పించుకొన్నాడు’ అన్నప్పుడు శిక్ష జరిగింది. ‘శిక్ష నుండి తప్పించుకొన్నాడు’ అన్నప్పుడు మనిషి జరిగాడు. ఏది ఎలా జరిగినా కర్త మనిషే, ప్రయత్నమూ అతనిదే, లాభమూ అతనిదే. ‘తప్పింది’ అనే క్రియలో లేని ఉపాయం, యుక్తి, కొంత మోసపు ఛాయ ‘తప్పించుకొన్నాడు’లో చేరడానికి కారణం ఈ ‘ఇంచు’, ‘కొను’ల కలయికే. ధాతువు నింద మోయలేదు. ప్రత్యయాలు కర్తృత్వాన్ని మోపాయి. కర్తృత్వం వెంట నింద వచ్చింది.

‘తప్పుకొను’తో పోల్చితే ఇది మరింత స్పష్టమవుతుంది. ‘పోటీ నుండి తప్పుకొన్నాడు’ అన్నప్పుడు ప్రేరణ లేదు, ఆత్మార్థకం మాత్రమే ఉంది. అందువల్ల అది మర్యాదైన మాట. ఒక్కోసారి త్యాగాన్ని కూడా సూచిస్తుంది. ఒక్క ‘ఇంచు’ తేడాతో తప్పుకొన్నవాడు గౌరవానికీ, తప్పించుకొన్నవాడు అనుమానానికీ పాత్రులవుతున్నారు.

4. శాసనాలు: ధర్మానికి తప్పినవారు

ఈ ధాతువు ప్రజల ఎదుట రాతిమీద నిలిచిన సందర్భం దానశాసనాల శాపవాక్యం. బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి సంకలనం చేసిన నెల్లూరు జిల్లా శాసన సంపుటాలు మూడు 1905లో మద్రాసులో అచ్చయ్యాయి. తాలూకాల వారీగా కూర్చిన ఈ సంపుటాలు నెల్లూరు సీమ తెలుగు శాసనభాషకు ఈనాటికీ ముఖ్యమైన ఆధారాలు. విజయనగర కాలపు తెలుగు దానశాసనాల చివర వచ్చే శాపవాక్యం స్థూలంగా ఒక మూసలో నడుస్తుంది. ఈ ధర్మానికి ఎవరు తప్పినా గంగ ఒడ్డున గోవును చంపిన పాపాన పోతారని, లేదా కాశిలో తల్లిదండ్రులను చంపిన పాపాన పోతారని దాని సారం.

ఈ మూసలో రెండు విషయాలు గమనించదగినవి. మొదటిది, ‘ధర్మానకు తప్పు’ అనే నిర్మాణంలో ధర్మం రేఖ, మనిషి జారేవాడు. దోషార్థానికీ మూలార్థానికీ నడుమ ఉన్న వంతెన ఇక్కడ రాతిమీద కనబడుతుంది. రెండవది, తప్పినవాడికి రావలసిన శిక్షను విధించేది రాజు కాదు, పాపం. దానం చేసిన రాజు తన తర్వాతి రాజును శిక్షించలేడు. దాత లేని కాలంలో, అధికారి అందని చోట శాసనం అమలు కావాలంటే ఎవరూ తప్పించుకోలేని శిక్ష ఒకటి కావాలి. మానవ దండన తప్పవచ్చునన్న ఎరుక ఉన్నందువల్లనే శాసనకర్తలు తప్పని దండనను ఆశ్రయించారు. ‘తప్పు’ను నేరంగా చెప్పే వాక్యమే శిక్ష ‘తప్పడం’ గురించిన భయాన్ని లోపల దాచుకొంది.

5. కేతన: తప్పిన శిక్ష ఎవరికి చేరుతుంది?

ధర్మశాస్త్ర పరిభాష తెలుగు పద్యంలోకి వచ్చిన తొలి ప్రసిద్ధ గ్రంథం మూలఘటిక కేతన విజ్ఞానేశ్వరీయం. 13వ శతాబ్దిలో నెల్లూరును ఏలిన మనుమసిద్ధి ఆస్థానకవి తిక్కనకు కేతన సన్నిహితుడు. తన దశకుమారచరిత్రాన్ని తిక్కనకే అంకితమిచ్చాడు. యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షర కేతన గ్రంథానికి మూలం. ఆచార, వ్యవహార, ప్రాయశ్చిత్త కాండలుగా అది సాగుతుంది. ధర్మశాస్త్రాన్ని తెలిగించిన ఈ కవే ఆంధ్రభాషాభూషణమనే వ్యాకరణాన్ని రచించడం, దొంగతనంలో ఆరితేరిన అపహారవర్మ కథ ఉన్న దశకుమారచరిత్రాన్ని తెలుగు చేయడం విశేషం. శిక్షను నిర్ణయించే శాస్త్రం, శిక్షను తప్పించుకొనే కథ, మాటల నియమాన్ని చెప్పే వ్యాకరణం ఒకే చేతి మీదుగా తెలుగుకు వచ్చాయి.

స్మృతుల మాట ‘దండం’. యాజ్ఞవల్క్యుడు దండాన్ని ధిగ్దండం, వాగ్దండం, ధనదండం, వధ అని నాలుగు విధాలుగా విభజించాడు. ధనదండానికి ఉత్తమసాహసం 1080 పణాలు, మధ్యమం అందులో సగం, అధమం మధ్యమంలో సగం. ఈ వ్యవస్థలో శిక్ష కొలతకు లోబడినది. కొలత ఉన్నచోట తీరుదల కూడా ఉంటుంది. పాపం చేసి రాజదండనను అనుభవించినవారు నిర్మలులై పుణ్యాత్ములవలె స్వర్గానికి వెళతారని మనుస్మృతి 8వ అధ్యాయం చెబుతుంది. దొంగను శిక్షించినా విడిచినా దొంగకు ఆ దోషం తీరుతుందనీ, శిక్షించక విడిచిన రాజుకు ఆ దొంగ దోషం చేరుతుందనీ అదే అధ్యాయం హెచ్చరిస్తుంది.

‘తప్పించుకొను’ చరిత్రకు ఈ భావన కీలకం. స్మృతిదృష్టిలో శిక్ష తప్పడం అంటే అది మాయమవడం కాదు, చేతులు మారడం. దండం పడవలసినవాడి మీద పడకపోతే దానిని పట్టుకొన్న చేతి మీదనే పడుతుంది. ‘తప్పు’ ధాతువు మూలార్థంతో ఇది సరిగ్గా సరిపోతుంది: గురి తప్పిన బాణం ఆగదు, మరొకచోట నాటుకొంటుంది. శిక్ష తప్పించుకొన్నవాడిని గురించి సమాజం పడే ఆందోళనకు అసలు కారణం అతని అదృష్టం మీది అసూయ కాదు. ఆ భారం ఎవరి మీదికి జరిగిందన్న ప్రశ్న.

6. ఊరి తప్పు: దోషం పేరే మూల్యం పేరు

దోషానికీ విమోచనకూ నడుమ ఉన్న మూడో అర్థం జరిమానా. దోషవాచకం ధనదండవాచకంగా మారడం తెలుగుకు మాత్రమే పరిమితం కాదు. పారసీకంలో ‘జుర్మ్’ నేరం. దాని నుండి వచ్చిన ‘జుర్మానా’ నేరానికి కట్టే సొమ్ము. తెలుగులోని జరిమానా దాని రూపమే. సంస్కృత ‘అపరాధం’ తమిళంలో ‘అపరాదం’గా మారి నేరానికి బదులు జరిమానాను చెబుతోంది. తెలుగు ప్రభుత్వ పరిభాషలోని ‘అపరాధ రుసుము’ ఈ రెంటినీ విడదీసి చెప్పే ప్రయత్నం. కన్నడ దేశంలో మొక్కు మరచిపోయినవారో, దోషం చేసినవారో దేవాలయానికి చెల్లించే దానిని ‘తప్పు కాణికె’ అంటారు. ఇన్ని భాషలలో ఒకే పరిణామం జరగడానికి కారణం ధనదండం స్వభావంలోనే ఉంది. చెల్లించే సొమ్ము చేసిన పనికి బదులుగా నిలుస్తుంది. బదులుగా నిలిచినది పేరును కూడా తీసుకొంటుంది.

కుల పంచాయతీ తీర్పులో ‘తప్పు’ కట్టడానికి ఒక ఫలితం ఉండేది. సొమ్ము చెల్లించి, చాలాచోట్ల కులానికి విందు పెట్టి, ఆ మనిషి తిరిగి పంక్తిలో కూర్చొనేవాడు. 1909లో ఏడు సంపుటాలుగా వచ్చిన థర్‌స్టన్, రంగాచారిల దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథంలో ఇటువంటి జరిమానాల, విందుల వర్ణనలు అనేకం ఉన్నాయి. నెల్లూరు, ప్రకాశం తీరాల మత్స్యకార గ్రామాలలో పెద్దలు విధించే కట్టడికి ‘దురాయి’ అని పేరు. దానిని మీరినవారికి జరిమానా, కొన్ని సందర్భాలలో వెలి. అందరూ ఒకే రేవు నుండి సముద్రానికి వెళ్ళే ఊళ్ళో వెలి అంటే జీవనం ఆగిపోవడమే. అందువల్ల తప్పు కట్టడం భారమైనా, అది తిరిగి వచ్చే దారి కూడా.

ఈ వ్యవస్థను ఆదర్శంగా చూడవలసిన పని లేదు. తీర్పు చెప్పేవారు బలవంతులు. చెల్లించేవారిలో పేదలు, స్త్రీలు, పెద్దల మాట కాదన్నవారు ఉండేవారు. పైకోర్టు లేదు. అయినా భాషాదృష్టితో ఒక సంగతి విశదమవుతుంది. తప్పు కట్టినవాడు తప్పించుకొన్నవాడు కాడు. దోషాన్నీ మూల్యాన్నీ ఒకే మాటతో పిలిచే సమాజంలో మూల్యం చెల్లిస్తే దోషం కూడా చెల్లిపోతుంది. ‘తప్పు తీరింది’ అంటారు. దీనికి ఎదురుగా నిలిచేదే తప్పించుకోవడం: మూల్యమూ చెల్లదు, దోషమూ చెల్లదు, రెండూ మిగిలి ఉంటాయి.

‘దండుగ’ చరిత్ర ఈ సందర్భంలో పోల్చదగినది. దండం నుండి వచ్చిన ఈ మాట మొదట జరిమానా. నేటి వాడుకలో వ్యర్థం, వృథా ఖర్చు. జరిమానాగా పోయిన సొమ్ము పోయినట్టే అన్న చెల్లింపుదారు దృష్టి ఈ మార్పులో కనిపిస్తుంది. ‘తప్పు’లో పెద్దల దృష్టి, ‘దండుగ’లో కట్టినవాడి దృష్టి నిలిచాయని చెప్పవచ్చు.

7. కచేరీ మాటలు: మాఫీ, పరారీ

ఆర్కాటు నవాబు ఏలుబడిలో ఉన్న నెల్లూరు సీమ 1801లో ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. నవాబుల కాలం నుండి కంపెనీ కచేరీల దాకా పాలనా వ్యవహారంలో అరబీ, పారసీక పదాలు విస్తారంగా వ్యాపించాయి. సి.పి. బ్రౌన్ 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువుతో పాటు కచేరీ వ్యవహార పదాలకు జిల్లా నిఘంటువును, 1854లో మిశ్రభాషా నిఘంటువును విడిగా ప్రకటించవలసి వచ్చిందంటే వాటి విస్తృతి ఎంతటిదో ఊహించవచ్చు. 

ఈ పదాలలో రెండు శిక్ష తప్పడానికి సంబంధించినవి. ‘మాఫీ’కి మూలమైన అరబీ ధాతువుకు క్షమించడం అని అర్థం. హిందీలో ఆ అర్థం సజీవంగా ఉంది. అక్కడ మనిషిని మాఫ్ చేస్తారు. తెలుగులోకి ఆ మాట శిస్తు కచేరీ గుమ్మం గుండా వచ్చింది. శిస్తు మాఫీ, వడ్డీ మాఫీ, రుణమాఫీ అంటాము. మనిషిని మాత్రం ‘క్షమిస్తాము’, ‘మన్నిస్తాము’. క్షమ నుండి సొమ్ముకు దిగివచ్చిన మాట ఇది.

ఇంగ్లీషులో దీనికి సరిగ్గా ఎదురు ప్రయాణం చేసిన మాట ‘స్కాట్‌ఫ్రీ’. శిక్ష పడకుండా బయటపడటం నేడు దాని అర్థం. అందులోని ‘స్కాట్’ స్కాండినేవియా భాషల నుండి వచ్చిన మాట. పన్ను లేదా చందా అని దాని అర్థం. పన్ను కట్టనవసరం లేనివాడు మొదట స్కాట్‌ఫ్రీ. సొమ్ము నుండి శిక్షకు ఎక్కిన మాట అది. స్కాట్లండు దేశస్థులతోనో, 1857లో అమెరికా సుప్రీంకోర్టులో ఓడిపోయిన బానిస డ్రెడ్ స్కాట్ పేరుతోనో దానిని ముడిపెట్టే జనశ్రుతి నిలవదు. మాట ఆ తీర్పు కన్నా శతాబ్దాల పాతది. పైగా ఆ తీర్పు అతనికి స్వేచ్ఛ ఇవ్వలేదు. మాఫీ, స్కాట్‌ఫ్రీ రెండూ చెల్లింపు లోకానికి చెందినవి. ‘తప్పించుకొను’ చలన లోకానికి చెందినది. అక్కడ ఖాతా కొట్టివేస్తారు. ఇక్కడ దెబ్బ పక్కకు పోతుంది. ఖాతా కొట్టివేస్తే బాకీ లేదు. దెబ్బ పక్కకు పోతే బాకీ ఉందో లేదో తేలదు.

రెండో మాట ‘పరారీ’. పారిపోవడమనే అర్థంగల అరబీ, పారసీక పదం నుండి ఇది వచ్చింది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికి వర్తించడంతో ఈ మాటకు నెల్లూరు సీమలో చేదు సందర్భం ఏర్పడింది. ఎరుకలవారి వంటి సంచార సమూహాలను పుట్టుకతోనే నేరస్థులుగా నమోదు చేసి సెటిల్‌మెంట్లలో ఉంచారు. కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషను నడిపిన సెటిల్‌మెంటు వాటిలో ఒకటి. చట్టం కింద నమోదైనవారు అనుమతి లేకుండా నిర్ణీత ప్రదేశం విడిచివెళ్ళడమే శిక్షార్హం. మద్రాసులో 1947లోను, దేశమంతటా 1952లోను ఈ చట్టం రద్దయింది.

పదచరిత్ర దృష్టితో ఈ చట్టం చేసిన మార్పు పెద్దది. ఊరి వ్యవస్థలో తప్పు ముందు, చెల్లింపు తర్వాత, తీరుదల చివర. ఈ చట్టంలో తప్పు లేకుండానే కట్టడి మొదలైంది. చెల్లింపుకు కొలత లేదు, తీరుదలకు గడువు లేదు. ఇక్కడ ‘తప్పించుకొన్నాడు’ అంటే నేరఫలం నుండి జారాడని కాదు, నేరమే లేని నిర్బంధం నుండి వెళ్ళాడని. అయినా నమోదు పుస్తకం దృష్టిలో వెళ్ళినవాడు పరారీ, పరారీ అయినవాడు అపరాధి. మాటలోని కర్తృత్వం నిందగా గట్టిపడటానికి ఇటువంటి పాలనా వ్యవహారం దోహదం చేసిందని భావించవచ్చు.

8. తప్పదు: విధికి వచ్చిన మాట

ఈ ధాతువు వ్యతిరేకరూపం తెలుగులో మరో దారిన ఎదిగింది. ‘తప్పక’, ‘తప్పకుండా’ అంటే నిశ్చయంగా. తమిళ ‘తప్పామల్’, కన్నడ ‘తప్పదె’ కూడా ఈ అర్థంలోనివే. తెలుగు మరో అడుగు ముందుకు వేసి ‘వెళ్ళక తప్పదు’ అనే నిర్మాణంతో విధ్యర్థాన్ని సాధించుకొంది. ‘తప్పనిసరి’ ప్రభుత్వ ఉత్తర్వుల మాట అయింది. ‘ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగక తప్పదు’ అనే సామెతలో శిక్ష, విధి, ప్రకృతి నియమం మూడూ ఈ ఒక్క క్రియలో కలిశాయి.

కర్తవ్యాన్ని ‘జారే వీలు లేనిది’గా ఊహించిన భాష ఇది. దీనిని గుర్తిస్తే మొదటి వాక్యానికి అర్థం మారుతుంది. ‘తప్పు చేసినవారికి శిక్ష తప్పదు’ అనేది కేవలం బెదిరింపు కాదు. నీవు రేఖ నుండి జరిగావు, కాని నీ మీదికి వచ్చేది తన రేఖ నుండి జరగదని ఆ వాక్యం చెబుతున్న లోకనియమం. మనిషి తప్పవచ్చు, నియమం తప్పకూడదు. ఆ నియమం ఆచరణలో తరచుగా తప్పుతుంది కనుకనే వాక్యం ఇన్నిసార్లు చెప్పవలసి వస్తోంది.

9. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. ‘తప్పు’ ధాతువుకు రేఖ నుండి పక్కకు జరగడం మూలార్థం. మనిషి జరిగితే దోషం, కీడు జరిగితే విమోచనం. దోషం పేరు మూల్యానికి సంక్రమించి జరిమానా. ‘శిక్ష తప్పింది’ తటస్థవాక్యం. ‘శిక్ష తప్పించుకొన్నాడు’ అనే వాక్యం ప్రత్యయబలం వల్ల కర్తకు ప్రయత్నాన్ని, ఆ వెనుక దోషాన్ని అంటగడుతుంది.

ఈ భేదం నిఘంటుకారులకే కాదు, న్యాయవార్తలు రాసేవారికి కూడా అవసరం. న్యాయస్థానం ఒకరిని నిర్దోషిగా తేల్చవచ్చు. రుజువు చాలక బెనిఫిట్ ఆఫ్ డౌట్ కింద విడుదల చేయవచ్చు. రాజ్యాంగం 72, 161 అధికరణాల కింద రాష్ట్రపతి, గవర్నరు క్షమాభిక్ష పెట్టవచ్చు, శిక్ష తగ్గించవచ్చు. నిందితుడు పరారీలో ఉండవచ్చు. ఇవి నాలుగు వేర్వేరు స్థితులు. నిర్దోషికి శిక్ష తప్పలేదు, ఎందుకంటే అది అతని మీదికి రావలసినదే కాదు. క్షమాభిక్ష పొందినవాడి దోషం తేలింది, దండం ఆగింది. రుజువు చాలనివాడి విషయం తేలలేదు. ఈ నలుగురిలో ‘తప్పించుకొన్నాడు’ అనే మాట నిజంగా చెందేది పరారీలో ఉన్నవాడికి మాత్రమే. మిగిలినవారికి ఆ మాట వాడితే న్యాయస్థానం వేయని తప్పును భాష వేసినట్టవుతుంది. ఆ తప్పు కట్టడానికి పంచాయతీ లేదు, తీరడానికి పంక్తి లేదు.

నిఘంటువులలో ‘తప్పించుకొను’ ఆరోపాన్ని ‘తప్పు’ కింద ఒక ఉపపదంగా విడువక, కర్తృభేదాన్ని చూపుతూ విడిగా వివరించడం అవసరం. కుల పంచాయతీల, తీరగ్రామాల కట్టడి పరిభాషలో మిగిలి ఉన్న ‘తప్పు వేయు’, ‘తప్పు కట్టు’, ‘తప్పు తీరు’ వంటి పలుకుబడులను ఆ వ్యవస్థలు పూర్తిగా మాయమయ్యేలోగా ప్రాంతాలవారీగా సేకరించాలి. దోషానికీ, దాని మూల్యానికీ, దాని నుండి జారిపోవడానికీ ఒకే మాట పెట్టుకొన్న సమాజం న్యాయాన్ని ఎలా ఊహించుకొందో ఆ పలుకుబడులే చెప్పగలవు.